మన మాట వినని కిటికీలు

అనంతపురం టవర్ క్లాక్ చుట్టుపక్కలో, పాతూరు సందుల్లోనో ఒక డి.టి.పి. సెంటరు ఉందనుకోండి. మాఘమాసం. పెళ్ళిళ్ళ సీజను. గుమ్మం బయట ముగ్గురు, లోపల బెంచీమీద నలుగురు. అందరి చేతుల్లోనూ మూలలకు పసుపు రాసిన కాగితాలే. ఆపరేటరు చేతిరాత ప్రతిని పక్కన ఆనించి పెట్టుకుని, కళ్ళు దానిమీదనుంచి తియ్యకుండా టకటకా కొట్టుకుంటూ పోతున్నాడు. చెయ్యి తిరిగిన ఆపరేటరు తెర చూడడు. చూస్తే వేగం పడిపోతుంది. పేరా అయ్యాక ఒక్కసారి తల ఎత్తుతాడు.

ఎత్తేసరికి గుండె గుభేలుమంది. తెరమీద పెళ్ళిపత్రిక కనపడటం లేదు. దాని నెత్తిమీద ఇంకో కిటికీ కూర్చుని ఉంది. 'కొత్త వెర్షన్ వచ్చింది, ఇప్పుడే వేసుకోమంటారా?' అని అడుగుతోంది. అడిగి ఎంతసేపయిందో! ఈలోగా కొట్టిన రెండు వరసలూ, అంటే పెళ్ళికూతురి తాతగారి పేరూ ఊరూ, గాలిలో కలిసిపోయాయి. పైగా వరస చివర ఎంటర్ నొక్కాడు కదా, దాన్ని ఆ కిటికీ 'సరే' అన్నట్టు తీసుకుంది. పని మొదలుపెట్టేసింది కూడా. మధ్యలో ఆపడానికి లేదు. బెంచీమీద పెద్దాయన 'ఏమప్పా, అయిపాయనా?' అంటున్నాడు.

కంటపడింది కాబట్టి సరిపోయింది. పడకపోతే తాతగారు లేకుండానే పత్రిక అచ్చయిపోతుంది. ఆ తర్వాత పెళ్ళికి ఎవరు వచ్చారు, ఎవరు అలిగి రాలేదు అన్నది ఆ ఇంటివాళ్ళకే తెలియాలి.

పెళ్ళిపత్రికయితే మళ్ళీ వేసుకోవచ్చు. అదే సెంటర్లో పొద్దున్నుంచీ దస్తావేజులు కూడా టైపవుతుంటాయి. సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు, నాలుగు వైపులా చెక్కుబందీ, బోరు, మోటారు. అన్నదమ్ముల భాగపంపకమయితే ఆ బోరులో ఎవరికి ఎంత వాటా అన్నది కూడా. అనంతపురం జిల్లాలో నీళ్ళు పడిన బోరున్న చేనుకూ, లేని చేనుకూ తేడా ఎంతో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బోరు వాటా రాసిన వరస ఒక్కటి ఎగిరిపోతే అది ఏ పదేళ్ళ తర్వాతో కోర్టులో తేలుతుంది.

ఇంతకీ ఆ ఆపరేటరు జాగ్రత్తలేనివాడేం కాదు. 'టైపు చేస్తుండగా ఏదీ ముందుకు రాకూడదు' అని కంప్యూటరులో ముందే సెట్ చేసి పెట్టుకున్నాడు. వచ్చిన కిటికీ ఆ మాట లెక్కచెయ్యలేదు. అదీ సంగతి.

కంప్యూటరు తెరమీద కనిపించే ప్రతి కిటికీలోనూ ఇద్దరి పెత్తనం ఉంటుంది. లోపలి సరుకు ప్రోగ్రాముది. చుట్టూ ఉండే చట్రం, అంటే పైన పేరు పట్టీ, మూలన మూసే గుర్తు, పట్టుకుని లాగే అంచులు మరొకరివి. ఆ మరొకరి పేరే విండో మేనేజరు. ఏ కిటికీ ముందు, ఏది వెనక, కొత్తది ఎక్కడ తెరుచుకోవాలి, కొట్టిన అక్షరం దేనికి చేరాలి అన్నవన్నీ దాని చేతిలో పనులు. అదైనా సొంత పెత్తనం చెయ్యకూడదు. కుర్చీలో కూర్చున్న మనిషి ఎలా చెప్పి పెట్టుకుంటే అలా నడపాలి.

సీమ మట్టిమిద్దెలు ఎరిగినవాళ్ళకు ఈ సంగతి చెప్పడం తేలిక. గోడకు కిటికీ ఉన్నా లేకపోయినా, పైన మిద్దెకు గవాచి ఉంటుంది. వెలుతురు కావాలంటే తెరుస్తారు. అరుదుగానే అనుకోండి, వానొస్తే మూస్తారు. ఎప్పుడు తెరవాలి, ఎంత తెరవాలి అన్నది ఇంట్లోవాళ్ళ ఇష్టం. ఆ ఇంట్లో చెనక్కాయల మూటలు దించుకున్న వ్యాపారి 'నా మూటలకు వెలుతురు చాలటం లేదు' అని తనే గునపం పట్టుకుని మిద్దె ఎక్కితే ఎలా ఉంటుంది? ఇప్పుడు చాలా ప్రోగ్రాములు చేస్తున్న పని సరిగ్గా అదే.

మొదట్లో ఇలా లేదు. 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటీస్ 'ఎక్స్' అనే విండో వ్యవస్థకు పునాది వేశారు. ఈనాటికీ లినక్సు కంప్యూటర్లలో కనిపించే 'ఎక్స్ 11' 1987లో వచ్చింది. దాన్ని కట్టినవాళ్ళు పెట్టుకున్న నియమం చిన్నదే. సాధనం మేమిస్తాం, పద్ధతి మాత్రం మేం నిర్ణయించం. అందుకే విండో మేనేజరును విడిగా, ఎవరికి నచ్చింది వాళ్ళు మార్చుకునేలా ఉంచారు. మౌసు బాణం ఆనితే చాలు కిటికీ మేలుకోవాలనేవాళ్ళు ఒక రకం, నొక్కితేనే మేలుకోవాలనేవాళ్ళు ఇంకో రకం. ఇద్దరికీ చోటుంది.

ప్రోగ్రాములు, మేనేజరు ఒకరితో ఒకరు ఎలా మసలుకోవాలో ఒక ఒప్పందపత్రం కూడా 1980ల చివర్లో తయారైంది. అందులో ముచ్చటైన మాట ఒకటుంది. ప్రోగ్రాము తన కిటికీ గురించి చెప్పుకునేవాటిలో చాలావాటిని ఆజ్ఞలని అనలేదు, సూచనలు అన్నారు. 'నాకు ఇంత వెడల్పు అయితే బాగుంటుంది', 'ఫలానా చోట అయితే బాగుంటుంది' అని ప్రోగ్రాము మనవి చేసుకుంటుంది. మన్నించడం, మానడం మేనేజరు ఇష్టం. అద్దెకొచ్చినవాళ్ళు ఇంటాయనను అడిగినట్టన్నమాట.

అయితే ఆ ఒప్పందంలోనే ఒక దొడ్డివాకిలి కూడా పెట్టాల్సి వచ్చింది. మెనూ తెరిస్తే జారిపడే జాబితాకూ, బాణం ఆనిస్తే కనిపించే చిన్న చీటీకీ చట్రం ఎందుకు? రెండు క్షణాలుండి పోయేవే కదా! అలాంటివాటిని మేనేజరు చూపు పడకుండా నేరుగా తెరమీదకు పోనిచ్చారు. ఇంకేం, సందు దొరికింది. ప్రోగ్రాము తెరుచుకునేటప్పుడు నడి తెరమీద నిలబడి కంపెనీ పేరు చాటే బొమ్మలు, తెర మొత్తం ఆక్రమించే ఆటలు ఆ వాకిట్లోంచే దూరాయి. దాన్ని జరపలేం, వెనక్కి తొయ్యలేం. అది పోయేదాకా చేతులు కట్టుకుని చూడాల్సిందే.

విండోస్ కథ ఇంకో రకం. 1985 నవంబరులో వచ్చిన మొదటి విండోస్‌లో ప్రధాన కిటికీలు ఒకదానిమీద ఒకటి ఎక్కేవే కావు. నాపరాళ్ళు పరిచినట్టు పక్కపక్కనే ఉండేవి. మీదెక్కడం 1987లో రెండో విండోస్‌తో మొదలైంది. విండోస్ 95 నాటికి ఏ ప్రోగ్రామైనా ఎప్పుడు పడితే అప్పుడు 'నేనే ముందు' అని వచ్చి నిలబడే పరిస్థితి. గోల భరించలేక మైక్రోసాఫ్ట్ విండోస్ 98తో ఒక కట్టడి తెచ్చింది. మనిషి ఒక కిటికీలో పని చేసుకుంటుంటే ఇంకో ప్రోగ్రాము ముందుకు దూకకూడదు. కావాలంటే కింద పట్టీలో తన పేరు మినుకుమినుకుమనిపించి ఊరుకోవాలి. చివరి మీట నొక్కాక ఎంతసేపటిదాకా ఈ కాపలా? డిఫాల్టుగా పెట్టిన అంకె 2,00,000 మిల్లీసెకన్లు. మన లెక్కలో 3 నిమిషాల 20 సెకన్లు.

మంచి కట్టడే. కానీ కట్టడి ఉన్నచోట దాన్ని దాటే ఉపాయాలు పుట్టుకొచ్చాయి. ముందున్న ప్రోగ్రాముతో తన తీగ కలిపేసుకుని 'నేనూ అతని మనిషినే' అని చొరబడేవి కొన్ని. 'ఎప్పుడూ అన్నిటికన్నా పైన' అనే జెండా తగిలించుకుని నిలబడేవి మరికొన్ని. మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ళ తరబడి విండోస్ పని చేసిన ఇంజినీరు రేమండ్ చెన్ ఇలాంటి కోరికలతో వచ్చే ప్రోగ్రామర్లను ఒకే ప్రశ్న అడుగుతుంటాడు. ఇదే పని రెండు ప్రోగ్రాములు చేస్తే ఏమవుతుంది? విడిదింట్లో ఇద్దరు అల్లుళ్ళు మొదటి బంతిలో మొదటి ఆకు నాదే అని పట్టుబట్టినప్పుడు ఏమవుతుందో అదే అవుతుంది.

ఇక చట్రం సంగతి. 1997లో వచ్చిన విన్‌యాంప్‌ను మరిచిపోనివాళ్ళు ఇంకా ఉంటారు. ఎంపీ3 పాటలు దానిలోనే వినేవాళ్ళు. దానికి విండోస్ చట్రం ఉండేది కాదు. టేపురికార్డరు మొహంలా సొంత వేషం కట్టుకుని వచ్చేది. వేషాలు మార్చుకోవచ్చు కూడా. అప్పట్లో అది ముద్దుగానే ఉంది, ఎందుకంటే పాటలపెట్టె ఒక్కటే అలా ఉండేది. తర్వాత అందరికీ ఆ ముచ్చట పట్టుకుంది. 2007 నాటి ఆఫీసు తన పేరు పట్టీ తనే గీసుకుంది. 2008లో వచ్చిన క్రోమ్ బ్రౌజరు తన ట్యాబులను ఏకంగా పేరు పట్టీలోకే ఎక్కించింది. 2013లో గ్నోమ్ 3.10 వచ్చేసరికి లినక్సులోనూ ప్రోగ్రాములే తమ పట్టీని గీసుకుని, అందులోనే మీటలు పెట్టుకోవడం మొదలైంది.

దీంట్లో నష్టమేమిటి, అందంగానే ఉన్నాయి కదా అనవచ్చు. నష్టం అలవాటుపడిన చేతికి తెలుస్తుంది. మూసే గుర్తు ఎడమవైపు పెట్టుకున్నవాడికి ఒక కిటికీలో ఎడమవైపు, ఇంకో కిటికీలో కుడివైపు దొరుకుతుంది. పట్టీమీద రెండుసార్లు నొక్కితే కిటికీ చుట్టుకుపోవాలని పెట్టుకుంటే కొన్ని చుట్టుకుంటాయి, కొన్ని పెద్దవవుతాయి. పట్టుకుని జరుపుదామంటే పట్టీనిండా మీటలే. ఖాళీ జాగా వెతుక్కోవాలి.

ప్రోగ్రాములు రాసేవాళ్ళ వాదన కూడా తీసిపారేసేది కాదు. ల్యాప్‌టాప్ తెరలు అడ్డంగా వెడల్పు, నిలువున పొట్టి. పేరు పట్టీ, దాని కింద మెనూ, దాని కింద మీటల వరస పెట్టుకుంటూ పోతే అసలు పనికి జాగా ఎక్కడ? అన్నీ ఒకే పట్టీలో ఇమిడిస్తే రెండు వరసలు మిగులుతాయి. అది నిజమే. 2019లో కొందరు లినక్సు ప్రోగ్రాముల రచయితలు ఒక బహిరంగ లేఖ కూడా రాశారు. మా ప్రోగ్రాములకు మీ రంగులు పులమకండి, పులిమితే అక్షరాలు కనపడకుండా పోతున్నాయి, జనం వచ్చి మమ్మల్ని తిడుతున్నారు అని దాని సారాంశం. ఆ లేఖ లినక్సు పంపిణీదారులను ఉద్దేశించింది. సొంత కంప్యూటరులో ఎవరి సరదా వారు తీర్చుకుంటే అభ్యంతరం లేదని కూడా అందులో ఉంది. ఈ మాట చాలామంది చదవకుండానే పోట్లాడుకున్నారు. కె.డి.ఇ. పక్షంవాళ్ళు చట్రం మేనేజరు గీయాల్సిందే అంటారు, గ్నోమ్ పక్షంవాళ్ళు ప్రోగ్రామే గీసుకోవాలంటారు. ఎక్స్ తర్వాత తరంగా వచ్చిన వేలాండ్‌లో కూడా ఈ పంచాయితీ తెగలేదు. కాకపోతే వేలాండ్ ఒక మేలు చేసింది. కిటికీ తనంతట తాను ఎక్కడ కూర్చోవాలో చెప్పుకునే హక్కును ప్రోగ్రాముల చేతిలోంచి తీసేసింది.

తెలుగువాళ్ళకు ఈ బాధ కిటికీలతో కాదు, అక్షరాలతోనే మొదలైంది. యూనికోడ్ 1991లో మొదటి విడతలోనే తెలుగుకు చోటిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో సహా తెలుగు తెచ్చింది. ఆ సంబరం ఎలా ఉండేదో గుర్తుందా? ముందు సీడీ వెతికి పెట్టి, రీజనల్ సెట్టింగుల్లో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, కంప్యూటరు ఒకసారి ఆపి మళ్ళీ వేస్తేగాని వత్తులు అక్షరాల కిందకు చేరేవి కావు. ఇంత చేసి, కీబోర్డు తెలుగుకు మార్చి పేజ్‌మేకర్ తెరిస్తే ఏం వచ్చేది? ప్రశ్నార్థకాలు! పేజ్‌మేకర్ ఆఖరి వెర్షను 7.0 కూడా 2001లోనే వచ్చింది. ఆ తర్వాత దాన్ని పెంచలేదు. దానికి యూనికోడ్ తెలియదు. విండోస్‌లో ఏ భాష ఎంచుకున్నా దాని దారి దానిదే.

ఆ లోటు పూడ్చడానికి అను వంటి సాఫ్ట్‌వేర్లు మధ్యలో నిలబడ్డాయి. ఇంగ్లీషు అక్షరాలుండే గదుల్లోనే తెలుగు ముక్కలు కూర్చి, మీటలను మధ్యలో అందుకుని పని నడిపించాయి. ఊరూరా డి.టి.పి. సెంటర్లు, ప్రెస్సులు బతికింది వాటిమీదే. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. శుభలేఖ నెత్తిన 'శ్రీరస్తు' అని ముచ్చటగా కూర్చిన అక్షరాల్ని ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లీషు పిచ్చిరాతలయిపోతాయి. యూనికోడ్‌లో అదే 'శ్రీ' నాలుగు సంకేతాలు. శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఎక్కడికి పంపినా శ్రీగానే ఉంటుంది. 2012లో ఇన్‌డిజైన్ సీఎస్ 6 తెలుగును నేర్చుకుంది గానీ, అక్కడ కూడా అక్షరాలు పేర్చే పద్ధతిని విడిగా ఎంచుకోవాలి. విండోస్‌లో తెలుగు సరిగ్గానే ఉంది కదా అని ఊరుకుంటే వత్తులు విడిపోతాయి.

భాష విషయమూ అంతే. 2005లో 'స్వేచ్ఛ' పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ విడుదలయింది. మెనూలు, సందేశాలు తెలుగులో పెట్టడానికి స్వచ్ఛందంగా ఎందరో కూర్చుని మాటలు వెతికారు. అయినా వాక్యాలను ఇంగ్లీషులో గట్టిగా బిగించి రాసిన ప్రోగ్రాము ఒకటి తెరిచామా, 'నాకు తెలుగు కావాలి' అని యజమాని ఎంచుకున్నది దానికి పట్టదు.

అన్నిటికన్నా ఎక్కువ నొప్పించేది అక్షరం సైజు. అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీ 1948లో ఈ ఊరికి వచ్చిందగ్గర్నుంచీ ఇక్కడ ఇంజినీర్లకు కొదవ లేదు. వాళ్ళలో బోలెడుమంది ఇప్పుడు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని బెంగళూరులో ప్రోగ్రాములు రాస్తున్నారు. అలాంటి ఒక కొడుకు పండక్కి ఇంటికొచ్చి, శుక్లాల ఆపరేషన్ అయిన నాన్నకు కంప్యూటరులో అక్షరాలు ఒకటిన్నర రెట్లు పెంచిపెట్టాడనుకోండి. ఆయన సంతోషించాడు. కొడుకు బండెక్కాక ఫోను. 'అన్నీ పెద్దగా ఉన్నాయి నాయనా, ఆ ఒక్కటీ చీమ తలకాయంత ఉంది.' ఇంకో రోజు, 'ఓకే నొక్కమంటోంది, ఓకే ఎక్కడుందో కనపడటం లేదు.' కనపడదు. అక్షరాలు పెరిగాయి, కిటికీ పెరగలేదు. మీట అంచు అవతలికి పోయింది. ప్రోగ్రాము రాసినవాళ్ళు తమ తెరమీద, తమ కళ్ళతో చూసి సైజులు బిగించారు మరి. విస్తా రోజుల్నుంచీ విండోస్ ఇలాంటివాటిని తనే సాగదీసి చూపిస్తోంది. అప్పుడు పెద్దగా కనిపిస్తాయి గానీ తడికాగితంమీద సిరాలా అలుక్కుపోయి ఉంటాయి.

చూపు బాగా తగ్గినవాళ్ళు నల్లని తెరమీద తెల్లని అక్షరాలు పెట్టుకుంటారు. కొన్ని ప్రోగ్రాములు ఆ నలుపును మాత్రం యజమాని దగ్గర తీసుకుని, అక్షరం రంగు తాము ముందే అనుకున్న నలుపునే ఉంచుతాయి. నలుపుమీద నలుపు. తాడిపత్రి వైపు నల్లరేగట్లో నువ్వుగింజ పారేసుకున్నట్టు.

చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. లినక్సులో క్రోమ్‌కు మళ్ళీ అందరిలాంటి చట్రం కావాలంటే సెట్టింగుల్లో రూపానికి సంబంధించిన చోట 'సిస్టమ్ టైటిల్ బార్' ఎంచుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో టూల్‌బారు మార్చుకునే పేజీలో, కింద మూలన టైటిల్ బార్ అనే గడి ఉంటుంది. విండోస్ 10, 11లలో అక్షరాలు చిన్నవిగానో, అలుక్కుపోయో ఉంటే ఆ ప్రోగ్రాము గుర్తుమీద కుడిమీట నొక్కి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ, అందులో హై డీపీఐ మార్పు దగ్గర మూడు రకాలుంటాయి. మూడూ వేసి చూసుకోవాలి. ఏది పనిచేస్తుందన్నది ప్రోగ్రామునుబట్టి. కె.డి.ఇ. వాడేవాళ్ళు అదృష్టవంతులు. ముందుకు దూకే కిటికీలను ఆపడానికి అందులో అయిదు మెట్లున్నాయి. అసలు ఆపకపోవడం మొదటిది, యజమాని స్వయంగా పిలిస్తే తప్ప ఏదీ ముందుకు రాకపోవడం చివరిది. ఒక్కో ప్రోగ్రాముకు విడిగా నియమం రాసి, దాని పక్కన 'బలవంతంగా' అని కూడా పెట్టవచ్చు. సూచనలతో మొదలైన కథ బలవంతం దాకా వచ్చిందన్నమాట!

డి.టి.పి. సెంటరుకు ఇవేవీ అక్కరకు రావు. పాత విండోస్, పాత పేజ్‌మేకర్, వాటికి అలవాటుపడిన వేళ్ళు. ఏది కదిపితే ఏది ఊడుతుందో తెలియదు. సీజను మొదలవగానే పొద్దున కంప్యూటరు వేసి, చేసే మొదటి పని నెట్ వైరు పీకి పక్కన పెట్టడం. అడిగేవాడు లేకపోతే ముందుకొచ్చే కిటికీ కూడా ఉండదు. సాయంత్రం కూర్చిన పేజీలు ప్రెస్సుకు పంపాల్సినప్పుడు మళ్ళీ గుచ్చుతారు. ఆ పది నిమిషాలూ ఆపరేటరు మీటల మీద చెయ్యి వెయ్యడు. టీ తాగడానికి బయటికి వెళతాడు.